మొదటి మ్రాను

ధ్యానభాగము: హగ్గయి 1:1–15, ఎజ్రా 5:1–5

తెలుగు పల్లెలలో ఒకప్పుడు ఇంటి తలుపులమీదను గోడలమీదను ఒక చిన్న వ్రాత కనబడుచుండెను. రాత్రివేళ వీధులలో తిరుగు దయ్యమొకటి స్త్రీ రూపమున వచ్చి తలుపు తట్టునను భయముతో, జనులు దానిని రేపు రమ్మని కోరుచు బొగ్గుతోనో సుద్దతోనో అట్లు వ్రాసెడివారు. దయ్యము ఆ వ్రాతను చదువుకొని మరలిపోవునట. మరునాడు వచ్చి మరల అదే వ్రాత చదువుకొని మరల పోవునట. ఆ నమ్మకము ఎంత నిరాధారమైనదైనను, రేపు అను మాటకున్న శక్తిని ఆ పల్లెజనులు బాగుగ గ్రహించిరని చెప్పవలెను. రేపు రమ్మనుట లేదని చెప్పుట కాదు. అందువలన ఎవరును నొచ్చుకొనరు. తలుపు మాత్రము తెరువబడదు.

దయ్యమునకై వ్రాసిన యా వ్రాతనే మనుష్యుడు తన విధులకును వ్రాసి పెట్టియున్నాడు.

బిలాస్‌పూరు రైల్వే పట్టణములో పెరిగిన తెలుగు బిడ్డలకు ఈ సంగతి మరియొక విధముగ తెలియును. వారు ఇంటిలో తెలుగును వీధిలో హిందీయును పలుకుదురు. హిందీలో నిన్నకును రేపునకును ఒకటే మాట: కల్. వాక్యములోని క్రియను బట్టియే అది గడచినదో రానున్నదో తెలిసికొనవలెను. ఆ భాష క్రొత్తగా నేర్చుకొను తెలుగువానికి ఇది వింతగ తోచును. అయితే పనిని వాయిదా వేయువాని జీవితమును చూచినయెడల ఆ మాటలో తప్పేమియు కనబడదు. రేపు చేయుదునని అతడు చెప్పిన పని ఏ చప్పుడును లేక నిన్న చేయవలసియుండిన పనిగా మారిపోవును. నడుమ నేడు అనునది యొకటి వచ్చి పోయెనని అతడు గమనింపనే గమనింపడు.

బిలాస్‌పూరునుండి రాయపూరు పోవు మార్గమున తిఫ్రా యున్నది. 2019లో బిలాస్‌పూరు నగరపాలక సంస్థలో కలుపబడువరకు అది ప్రత్యేకమైన పురపాలక పట్టణము. బెంగాల్ నాగపూరు రైల్వే కంపెనీ 1887లో ఏర్పడి, నాగపూరునుండి బిలాస్‌పూరు మీదుగా ఆసన్‌సోలు వరకు 1891 నాటికి ఇనుప దారి వేసిన తరువాత ఆ ప్రాంతపు రూపమే మారిపోయెను. 1931లో రాయపూరు, విజయనగరముల నడుమ దారియు పూర్తియాయెను. ఉత్తరకోస్తా తెలుగు కుటుంబములు రైలు కొలువుల నిమిత్తము వచ్చి అక్కడ స్థిరపడినవి. 2003 ఏప్రిలులో బిలాస్‌పూరు ఆగ్నేయ మధ్య రైల్వేకు ముఖ్యస్థానమైనది. తాతయు, తండ్రియు, కుమారుడును ఒకే రైల్వేలో దినములు గడపిన తెలుగు ఇండ్లు ఆ పట్టణమునకు క్రొత్త కాదు.

రైల్వేవాని దినము గడియారమునకు కట్టుబడినది. బండి ఎన్ని నిమిషములు ఆలస్యమాయెనో వ్రాయబడును; ఎందుచేత ఆలస్యమాయెనో వ్రాయబడును; ఆ ఆలస్యము ఏ శాఖవారి లెక్కలో పడవలెనో దానికొరకు వాదోపవాదములును జరుగును. అట్టి కొలువులో ముప్పది, నలువది సంవత్సరములు గడపినవాడు ఇంటిలో మాత్రము ఇనుప పెట్టెనొకదానిని సంవత్సరముల తరబడి తెరువకుండ ఉంచగలడు.

ఇట్టి యొక యింటిని తిఫ్రాలో ఊహించుకొనుడి. యజమానుడు విరమించిన ఉద్యోగి. ఫించను పొందువారు తాము బ్రదికియున్నట్లు ప్రతి నవంబరు నెలలో లైఫ్ సర్టిఫికెట్టు ఇయ్యవలెను గదా. 2014 నవంబరునుండి దీనిని కంప్యూటరు ద్వారా ఇచ్చు ఏర్పాటు కలిగినది. ఇప్పుడైతే ఇంటిలో కూర్చుండి చేతిలోని ఫోనుతోనే ముగించవచ్చును. పని కొద్ది నిమిషములది. అయినను అతడు దానిని నెల చివరి దినముల వరకు ఈడ్చును. ఇది చిన్న సంగతి. దీనికంటె పెద్ద పత్రమొకటి ఆ పెట్టెలో నున్నది. అతనికి పుట్టుకతోనే అంగవైకల్యము గల కుమార్తె యొకతె కలదు. స్వయముగా జీవనము గడుపుకొనలేని అట్టి బిడ్డకు, తలిదండ్రుల తరువాత జీవితాంతము కుటుంబ ఫించను ఇయ్యవచ్చునని నియమమున్నది. దానికై వైద్యుల ధ్రువపత్రము తెచ్చి, ఆమె పేరు కుటుంబ వివరములలో సరిగా చేర్పింపవలెను. తండ్రి బ్రదికియుండగా కొన్ని సంతకములతో తీరు పని, తండ్రి పోయిన తరువాత తల్లికి నెలల తరబడి కార్యాలయముల చుట్టు తిరుగు పని యగును. ఇది అతనికి తెలియును. భార్య రెండుమారులు అడిగెను. మూడవమారు అడుగుట మానెను.

అతడు సోమరియా? కాడు. తెల్లవారుజామున లేచి ప్రార్థించును. ఆదివారము ఆలయమునకు అందరికంటె ముందుగ వచ్చి బల్లలు తుడుచును. ఇరుగుపొరుగువారి అర్జీలు చక్కని దస్తూరితో వ్రాసియిచ్చును. తన పెట్టెలోని పత్రమును మాత్రము ముట్టడు. ఆ పత్రమును ముట్టినయెడల తాను చనిపోవు దినమును, ఆ దినమున బిడ్డ ఏ గుమ్మమున నిలువబడియుండునో ఆ తలంపును ఎదుర్కొనవలెను. పని కష్టమని కాదు, ఆ తలంపు కష్టమని అతడు పెట్టె మూసి యుంచినాడు.

ఆలస్యము చేయువారినందరిని సోమరులని యొకే గాటను కట్టు ప్రసంగములు చాలగా కలవు. అవి సగము నిజమే చెప్పుచున్నవి. ఫ్యూషియా సిరోయి, తిమోతి పిఖిల్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు 2013లో ఈ విషయమై వ్రాయుచు, వాయిదా వేయుట కాలమును సరిగా పంచుకొనలేకపోవుటవలన గాక, ఒక పని పుట్టించు బాధ నుండి ఆ క్షణమునకు తప్పించుకొనగోరుట వలన కలుగుచున్నదని వివరించిరి. ఆ ఉపశమనపు వెలను రానున్న దినములలోని తానే చెల్లింపవలెను. తానొక్కడే చెల్లించినయెడల కొంత మేలే. తిఫ్రాలోని ఆ యింటివలె అనేక గృహములలో ఆ వెల ఇతరుల తలమీద పడుచున్నది.

హగ్గయి ప్రవక్త కాలమునాటి యెరూషలేమువారును సోమరులు కారు. కోరెషు అనుమతితో చెరనుండి తిరిగివచ్చినవారు మొదట బలిపీఠమును కట్టిరి. రెండవ యేట దేవాలయపు పునాది వేసిరి. అటుపిమ్మట చుట్టుపట్ల నున్న జనులు వారి చేతులను బలహీనపరచి, వారికి విరోధముగా ఆలోచనకర్తలను కుదుర్చుకొని పనిని ఆటంకపరచిరని ఎజ్రా గ్రంథము నాలుగవ అధ్యాయమున వ్రాయబడియున్నది. కాబట్టి పని ఆగుటకు నిజమైన కారణమే యుండెను. ఇది గమనింపదగిన సంగతి. ఆలస్యము అబద్ధముతోనే పుట్టవలెనను నియమము లేదు. అనేకమారులు అది న్యాయమైన కారణము కడుపునే పుట్టును. జ్వరమువలన ఆగిన పని, పెండ్లి పనులవలన ఆగిన పని, చేతిలో రూపాయి లేక ఆగిన పని. కారణము కొన్నాళ్లకు చచ్చిపోవును. ఆలస్యము మాత్రము బ్రదికియుండును.

యెరూషలేములో అట్లే జరిగెను. పునాదిమీద రమారమి పదునారు సంవత్సరముల గడ్డి మొలిచెను. ఈలోగా జనులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. తమ ఇండ్లు కట్టుకొనిరి, వాటికి సరంబీ కూడ వేయించుకొనిరి. విత్తిరి, కోసిరి, కూలి సంపాదించిరి. ఆ కూలి చినిగిన సంచిలో పడినట్లు పోవుచుండెనని ప్రవక్త చెప్పుచున్నాడు. దేవాలయము మాట వచ్చినప్పుడు మాత్రము వారందరు ఒకే నోట, సమయమింక రాలేదనిరి. కట్టమని చెప్పినవాడు ఒక్కడును లేడు. సమయము రాలేదనుట భక్తిగల మాటవలెనే వినబడును. దేవుని సమయము కొరకు కనిపెట్టుచున్నామని దానికి అర్థము చెప్పుకొనవచ్చును. పలకలు పరచిన యింటిలో కూర్చుండి ఆ మాట చెప్పుట మరింత సుళువు.

వాయిదా వేయబడిన పనికి ఒక ముఖమున్నదనుట బిలాస్‌పూరు రైలు నిలయమున నిలిచి ఆలోచించుటకు తగిన సంగతి. రవీంద్రనాథ ఠాగూరు 1918లో ప్రకటించిన పలాతకా అను కావ్యసంపుటిలో ఫాంకి అను కవిత యొకటి కలదు. దాని కథ ఆ నిలయముననే జరుగుచున్నది, అందుచేత ఆ కవిత అక్కడ ఫలకముమీద ప్రదర్శింపబడియున్నది. బిను అను ఇరువదిమూడేండ్ల యువతి జబ్బుపడి, గాలి మార్పు కొరకు భర్తతో ప్రయాణమై పోవుచు, బిలాస్‌పూరులో బండి మారుటకు ఆరు గంటలు వేచియుండవలసివచ్చును. అక్కడ రుక్మిణి యను కూలివాని భార్యతో ఆమెకు మాటలు కలియును. రుక్మిణి కుమార్తెకు పెండ్లి దగ్గరపడినది. నగలకు ఇరువదియైదు రూపాయలు కావలెను. ఆ సొమ్ము ఇమ్మని బిను భర్తను కోరును. అతడు సరేయని చెప్పి, రుక్మిణిని చాటునకు పిలిచి, గద్దించి, రెండు రూపాయలిచ్చి పంపివేయును. బిను ఏమియు ఎరుగక కృతజ్ఞతతో నిండినదై రెండు నెలలకు మరణించును. అప్పుడు ఆ భర్త బిలాస్‌పూరునకు మరల వచ్చి రుక్మిణి యెక్కడ అని విచారించును. ఆమె కుటుంబము ఎటు పోయినదో నిశ్చయముగా చెప్పగలవాడు లేడు. ఋణము అతని చేతిలో మిగిలిపోవును.

ఆ భర్త చేసినది వాయిదా గాదు, మోసమే. అయితే బెంగాలీ భాషలో ఫాంకి అను మాటకు మోసమనియు, పని ఎగవేయుట యనియు రెండర్థములును కలవు. ఆ భాష మాటలాడువారు ఈ రెంటిని ఏల ఒకే పేరున పిలిచిరో ఆలోచింపదగును. ఇయ్యనని చెప్పువాడును రేపిత్తునని చెప్పి పంపువాడును, చేయి చాచిన పొరుగువానిని వట్టిచేతులతోనే పంపుచున్నారు. సామెతల గ్రంథము మూడవ అధ్యాయమున జ్ఞాని ఈ రెండవవానినే పట్టుకొనినాడు. మేలు చేయుట చేతనైనప్పుడు దానిని పొందదగినవానికి చేయక ఉండవద్దనియు, వస్తువు దగ్గరనుండగనే పొరుగువానిని పోయి రేపు రమ్మని చెప్పవద్దనియు అతడు బోధించుచున్నాడు. ఆ బోధలో దానము అను ఊహ కంటె ఋణము అను ఊహయే యెక్కువ. ఆ మేలు అప్పటికే పొరుగువానికి చెందియున్నది. దానిని ఇంటిలో ఉంచుకొనినవాడు ఇతరుని సొత్తు ఉంచుకొనినవాడే.

ఈ దృష్టితో చూచినయెడల దినదినపు పనుల జాబితా వేరుగ కనబడును. కుట్టవలసిన చొక్కా బడికి పోవు పిల్లవానిది. వ్రాయవలసిన ఉత్తరము శ్రీకాకుళములో ఒంటరిగ నున్న తల్లిది. కోర్బానుండి విశాఖపట్టణమునకు బిలాస్‌పూరు మీదుగా రైలు నడచుచునే యున్నది. ఒక రాత్రి ప్రయాణము. సెలవు దొరకలేదను మాట మొదటి యేట నిజమై యుండును. నాల్గవ యేట అది నిజమో కాదో తల్లి అడుగదు. ప్రభువైన యేసు మార్కు సువార్త ఏడవ అధ్యాయమున తలిదండ్రులకు చెందవలసిన సొమ్మును కొర్బాను, అనగా దేవార్పితము, అని పేరు పెట్టి వారికి ఇయ్యక తప్పించుకొనిన వారిని ఎంత కఠినముగ మందలించెనో తెలిసినదే. భక్తికి మరుగున దాగిన ఆలస్యము ఆయన యెదుట దాగలేదు.

ఇక్కడ విశ్వాసులకు ప్రత్యేకమైన శోధన యొకటి యున్నది. విధి యేదో స్పష్టముగ తెలిసిన తరువాత దాని విషయమై ప్రార్థించెదనని చెప్పుట. ప్రార్థన లేక పని మొదలుపెట్టరాదనుట సత్యము. అయితే ఎఱ్ఱసముద్రము ఎదుట మోషేతో దేవుడు పలికిన మాట నిర్గమకాండము పదునాలుగవ అధ్యాయమున నున్నది. మొఱపెట్టుట ఏలయని అడిగి, ప్రజలను సాగిపొమ్మని చెప్పుమని ఆజ్ఞాపించెను. నీళ్లు అప్పటికి పాయలు కాలేదు. సహోదరునితో సమాధానపడవలెనా అని ఆరు నెలలు ప్రార్థించువాడు, ఆ ప్రశ్నకు సువార్తలో ఎన్నడో జవాబు వచ్చియున్నదని ఎరుగనివాడు కాడు. అట్టి ప్రార్థన దేవుని తలుపు తట్టుట కాదు, ఆయనను గుమ్మమున నిలువబెట్టుట.

ఫేలిక్సు అధిపతి పౌలుతో వ్యవహరించిన తీరు అందరెరిగినదే. నీతిని గూర్చియు, ఆశానిగ్రహమును గూర్చియు, రానున్న విమర్శను గూర్చియు విని అతడు వణకెను. సమయము దొరికినప్పుడు పిలిపింతునని చెప్పి పంపెను. ప్రసంగీకులు సాధారణముగ ఇక్కడ ఆగుదురు. లూకా ఆగలేదు. అతడు పౌలును మాటిమాటికి పిలిపించెననియు, లంచము దొరకునని ఆశించెననియు, రెండేండ్లు గడచిన తరువాత పౌలును బంధకములలోనే విడిచి పోయెననియు అపొస్తలుల కార్యములలో వ్రాసెను. సమయము దొరికెను, ఎన్నోమారులు దొరికెను. ఒకప్పుడు పుట్టిన వణకు మాత్రము మరల పుట్టినట్లు వ్రాయబడలేదు.

అయినను ప్రతి నిరీక్షణయు వాయిదా కాదు. తెలుగు క్రైస్తవులకు దీనికి దృష్టాంతము దగ్గరలోనే యున్నది. 1876–78 సంవత్సరముల గొప్ప కరవులో ఒంగోలు మిషనెరీ జాన్ క్లఫ్ బాప్తిస్మము కోరివచ్చిన వందలాది జనులను ఆపి యుంచెను. ఆకలిచేత వచ్చుచున్నారేమో, సహాయము నిమిత్తము వచ్చుచున్నారేమోయని కరవు సహాయము ముగియువరకు ఇయ్యలేదు. ఆ కాలములో అతడు ఊరకుండెనా? బకింగ్‌హాము కాలువలో కొంత భాగము త్రవ్వించు గుత్త తీసికొని వేలాదిమందికి కూలి కల్పించెను. కరవు తీరిన పిమ్మట, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మందికి బాప్తిస్మమియ్యబడెను. నిరీక్షించువాని చేతిలో పార యుండెను. వాయిదా వేయువాని చేతిలో ఏమియు ఉండదు. ఈ రెంటికిని భేదము ఇంతమాత్రమే యని చెప్పలేము గాని, తన్ను తాను పరీక్షించుకొనగోరువాడు మొదట చేతులవైపు చూచుకొనవచ్చును.

హగ్గయి యొద్దకు తిరిగి వత్తము గాక. దర్యావేషు ఏలుబడి రెండవ యేట, అనగా క్రీస్తుపూర్వము 520లో, ఆరవ నెల మొదటి దినమున ప్రవక్త నోరు తెరచెను. జెరుబ్బాబెలు అధికారి, ప్రధానయాజకుడైన యెహోషువ, జనులందరు వినిరి. వారికి వచ్చిన ఆజ్ఞ యేమి? సొలొమోను మందిరము వంటి మందిరమును కట్టుడని కాదు. బంగారము ఎంత, వెండి యెంత, ఎన్ని యేండ్లు పట్టును, ఈ లెక్కలేవియు మొదటి ఆజ్ఞలో లేవు. కొండ యెక్కవలెను, మ్రాను తేవలెను, కట్టవలెను. ఎక్కుట మొదటిది. ముసలివాడును పిల్లవాడును కూడ అర్థము చేసికొనగల పని. పదునారేండ్లు వారిని భయపెట్టినది మందిరమంతయు ఒక్కమారుగ కన్నులయెదుట నిలుచుట. దేవుడు వారి కన్నులను మందిరమునుండి త్రిప్పి కొండవైపు, ఒక మ్రానువైపు చూపెను.

వారు విధేయులగుటకు సిద్ధపడి భయభక్తులు కనుపరచగానే, ఇంక ఒక్క మ్రానైనను నరుకక మునుపే, తాను వారికి తోడైయున్నాననెడి వర్తమానమును ప్రభువు పంపెను. ఇది హగ్గయి మొదటి అధ్యాయము 13వ వచనమున నున్నది. కృప పని ముగిసిన తరువాత ఇచ్చు కూలి కాదు. మొదటి అడుగు కొరకు ఎత్తిన కాలికి క్రింద నేలయై యుండునది. అదే నెల ఇరువదినాలుగవ దినమున పని ఆరంభమాయెను. పదునారేండ్ల ఆలస్యము ఇరువదిమూడు దినములలో ముగిసెను!

బిలాస్‌పూరు డివిజను బొగ్గు రవాణాకు పేరుపొందినది. బొగ్గు నింపిన గూడ్సు బండి కదలుటను అక్కడి బిడ్డలు దినమును చూచెదరు. ఏబదికి పైబడిన పెట్టెలు. నాలుగువేల టన్నులకు దగ్గరి భారము. నిలిచియున్న భారమును కదలించుటకే యింజనునకు మిక్కిలి బలము కావలెను. కదలిన తరువాత అదే భారమును నడిపించుటకు అంత బలము అక్కరలేదు. పెట్టెకును పెట్టెకును నడుమనున్న కొక్కెములలో కొద్దిపాటి వదులుండును. ఆ వదులు వలన మొదటి పెట్టె ముందు కదలును, తరువాత రెండవది, తరువాత మూడవది. ఖణఖణమను ఆ ధ్వని బండి చివరివరకు సాగిపోవును. తొందరపడి ఒక్కమారుగ లాగినయెడల కొక్కెము తెగు భయమున్నది. క్రొత్త సంవత్సరపు రాత్రి ఆరాధనలో చేయబడు గొప్ప తీర్మానములు అనేకము ఇట్లే జనవరి రెండవ వారమునకు తెగిపోవుచున్నవి. ఇంకొక సంగతి. చక్రము జారుచున్నప్పుడు యింజను తన పెట్టెలోని పొడి యిసుకను పట్టామీద చల్లుకొనును. అంత గొప్ప యంత్రము గుప్పెడు ఇసుకను తృణీకరింపదు.

మనుష్యునికి ఆ యిసుక ఏది? పీటర్ గోల్విట్జర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1999లో ప్రచురించిన వ్యాసమున, చేయవలెనని మాత్రము కోరుకొనువారికంటె, ఎప్పుడు, ఎక్కడ, ఏ విధముగ మొదలుపెట్టవలెనో ముందుగనే నిశ్చయించుకొనినవారు ఎక్కువగ నెరవేర్చుచున్నారని చూపెను. తిఫ్రాలోని ఆ తండ్రికి ఇది వర్తించును. బిడ్డ సంగతి చూడవలెనని అనుకొనుట మందిరమంతయు కట్టవలెనని అనుకొనుట వంటిది. సోమవారము ఉదయము కాఫీ త్రాగిన వెంటనే ముందు గదిలోని మేజామీద పెట్టె తెరచి, బిడ్డ జనన ధ్రువపత్రము బయటకు తీయుట ఒక మ్రాను. ఆ దినమున అంతకు మించి యేమియు చేయనక్కరలేదు. భార్యను ప్రక్కన కూర్చుండబెట్టుకొనినయెడల మరి మంచిది. మరణపు తలంపు ఒంటరిగా ఎదుర్కొనువానికే మిక్కిలి భయంకరము.

మేఘములను చూచుచుండువాడు కోయడనియు, గాలిని కనిపెట్టువాడు విత్తడనియు ప్రసంగి పదునొకండవ అధ్యాయమున చెప్పిన భావమును ఛత్తీస్‌గఢ్ రైతునకు వేరుగ బోధింపనక్కరలేదు. అక్కడ ఖుర్రా బోనీ అను పద్ధతి యొకటి కలదు. ఋతుపవనము రాకమునుపే, నేల ఇంకను దుమ్ముగ నుండగనే, దున్ని వరి విత్తనములు చల్లుదురు. ఆ విత్తనములు పొడినేలలో వానకొరకు వేచియుండును. వాన ఆలస్యమైనచో పక్షులకును చీమలకును కొంత నష్టపడవలసివచ్చును. ఆ సంగతి రైతు ఎరుగును. ఎరిగియు చల్లును. ఏలయనగా వాన వచ్చిన దినమున దున్నుట మొదలుపెట్టువానికి ఆ వాన సగము ఉపయోగపడక పోవును. అన్నియు అనుకూలపడిన పిమ్మట మొదలుపెట్టెదననువానికి విశ్వాసము చూపుటకు తావే లేదు. పొడి మట్టిలో గింజ వేయు రైతు చేతిలో అది కనబడుచున్నది.

మొదలుపెట్టినవానికి కష్టములుండవని యెవరును అనుకొనరాదు. యెరూషలేములో పని ఆరంభమై ఒక నెలయైనను పూర్తిగ గడువక మునుపే, ఏడవ నెల ఇరువదియొకటవ దినమున, ప్రవక్త జనులను మరల ధైర్యపరచవలసివచ్చెను. మొదటి మందిరపు మహిమను చూచిన ముసలివారు కొందరు బ్రదికియుండిరి. వారి కన్నులకు ఈ క్రొత్త పని యెందుకును కొరగానిదిగ కనబడెను. మొదలుపెట్టిన పనిని ఆపించు శత్రువులలో ఈ పోలిక చాల గట్టిది. చిన్న ఆరంభములు జరిగిన దినమును తృణీకరింపరాదను హెచ్చరికను జెకర్యా ఆ కాలముననే, ఆ మందిరమును గూర్చియే, పలికెను. గోడయెత్తు చూచి ఏడ్చువారి ప్రక్కనే రాళ్లు మోయువారు మోయుచునే యుండిరి.

అటుపిమ్మట మరియొక ఆటంకము వచ్చెను, ఈమారు కచ్చేరినుండి. నది యివతలి ప్రదేశమునకు అధికారియైన తత్తెనై వచ్చి, ఈ మందిరమును కట్టుటకు మీకు సెలవిచ్చినది ఎవరని అడిగెను. పూర్వము ఇట్టి ప్రశ్నయే పనిని ఏండ్ల తరబడి ఆపియుండెను. సెలవు పత్రము వారి చేతిలో లేదు. తత్తెనై రాజునకు ఉత్తరము వ్రాసెను. జవాబు వచ్చువరకు ఆగుదమని పెద్దలు చెప్పియుండవచ్చును. అది సమంజసముగనే తోచియుండును. వారు ఆగలేదు. దేవుని దృష్టి ఆ పెద్దలమీద నుండెను గనుక వారు మానలేదని ఎజ్రా అయిదవ అధ్యాయము తెలుపుచున్నది. ఉత్తరము పారసీక దేశమువైపు ప్రయాణము చేయుచుండగా ఇక్కడ దూలములు గోడలలో ఎక్కుచుండెను. బబులోనులోని దస్తావేజుల కొట్టు వెదకబడెను. తుదకు మాదీయుల దేశమందలి అహ్మెతా పట్టణపు కోటలో కోరెషు వ్రాయించిన పత్రము దొరికెను. కొండ యెక్కుటకు భయపడిన ఆ పదునారేండ్లును ఆ పత్రము అక్కడనే, ఆ కోటలోనే, చుట్టబడి యుండెను.

మందిరము దర్యావేషు ఏలుబడి ఆరవ సంవత్సరమున, అదారు నెల మూడవ దినమున ముగిసెను. ఆ పత్రము దొరికిన సమాచారము యెరూషలేము చేరునప్పటికి పనివారు గోడలమీదనే యుండిరి.